సర్దుబాటు

చెంగల్రాయుడు మిషను నొక్కితే
నాలిక చాపినట్టు కాగితం బయటికొస్తుంది.
ఎప్పుడూ జానెడు. ఈ నెల జానా బెత్తెడు.
"ఏమబ్బా, ఇంత పొడుగుండాదే?" అంటే
"నేను రీడింగు కొట్టేవోణ్ణే కదక్కా" అని
పక్కింటి మెట్లెక్కేస్తాడు.

కొర్లగుంటలో మా మూడు పోర్షన్లకు ఒకటే మీటరు.
ఓనరు వజ్రవేలు యూనిట్లను
శనక్కాయలు పంచినట్టు పంచుతాడు,
ఆయన ఏసీ మాత్రం ఏ పిడికిట్లోకీ రాదు.
నెత్తి మీది శ్లాబు వానొస్తే కారుతుంది గానీ
బిల్లులోని శ్లాబు గట్టిది,
రవంత దాటితే నా మీదే కూలుతుంది.

మేడ మీద రూములో యూనివర్సిటీ పిల్లోడు
హేమాద్రి చెప్పినాడు:
కొన్ని దేశాల్లో కరెంటు కంపెనీని
సిమ్ము మార్చినట్టు మార్చుకోవచ్చంట,
ఎవురు అగ్గవగా ఇస్తే వాళ్ళ దగ్గరికి.
తీగె అదేనంట, స్తంభం అదేనంట,
కాగితం మీద పేరొకటే మారుతుందంట.
నవ్వొచ్చింది నాకు.
మా తీగె మీద ఒక కాకి కూర్చోనుంది.
అది ఏ కంపెనీదో అడగలే.

సరే, నేనూ మార్చేసినా.
కుట్టు మిషనుకు కట్టిన మోటారు విప్పి
అటకెక్కించినా.
తుప్పు పట్టిన తొక్కుడు పలకకు
నూనె చుక్కలేసి లేపినా.
నా కొత్త కంపెనీ ఈ రెండు కాళ్ళు.
మధ్యాన్నం ఒక సంగటి ముద్ద జాస్తి, అంతే ఛార్జీ.
రాత్రైతే పిక్కలు లాగుతాయి,
అది ఏ బిల్లులోనూ పడదు.
హుక్కులూ కాజాలూ కిటికీ కాడ.
వీధి లైటు మునిసిపాల్టీది,
సగం ఎలుతురు రోడ్డుకు, సగం నాకు.
మొన్న ఆ బల్బు పోయి
పది జాకెట్లు ఆలస్యమైతే
పెండ్లోళ్ళ చేత మాటలు పడినా.

ఇంత చేసినాక కాగితం అడుగున
ఇంకో వరస.
సర్దుబాటు ఛార్జీ.
హేమాద్రి సదివి చెప్పినాడు:
ఇది ఇప్పుడు కాల్చింది కాదక్కా,
రెండేండ్ల కిందట కాల్చినదానికి
అప్పుడు తక్కువ తీసుకున్నారంట,
మిగతాది ఇప్పుడు.
ఒళ్ళు మండింది.
ఎప్పుడో తిని అరిగిపోయిన అన్నానికి
ఈపొద్దు రేటు పెంచితే ఎవురికి చెప్పుకునేది?
కరెంటాఫీసులో గట్టిగా అడగాలనే
మంచి చీర కట్టుకున్నా.

గడప దాటతా నెల పేరు చూసినా.
మే.

ఆ మేలో మా అత్త దొరసానమ్మ
ఈ మూల మంచంలో ఉన్నింది.
బాడుగకు తెచ్చిన ఊపిరి మిషను
రేయీ పగలూ గుర్రుమంటా ఉన్నింది.
ఫ్యాను ఆపలే, లైటు ఆర్పలే.
ఆయమ్మే, కండ్లు తెరిచినప్పుడల్లా
"కరెంటు కాల్తా ఉందే, ఆపు పాపా" అనేది.
కరెంటు పోతే
నేను విసనకర్ర పట్టుకుని
మీటరు వైపే చూసేదాన్ని,
ఆ ఎర్ర చుక్క ఎప్పుడు వెలుగుతుందా అని.
ముప్పై నాలుగు రోజులు.

కౌంటరు కాడ పెద్ద లైను.
ముందరాయన అరస్తా ఉండాడు,
ఆయన మాటల్లో ఒక్కటీ తప్పు లేదు.
అవే మాటలు నేనూ దారంతా
నోట్లో పెట్టుకునే వచ్చినా.
నా వంతొచ్చింది.
నోట్లు లెక్కబెట్టి కిటికీలో పెట్టినా.
"రెండ్రూపాయలు చిల్లర లేదమ్మా" అన్నాడు.
"వచ్చే నెల సర్దుకో నాయనా" అన్నా.

సాయంత్రం కరెంటు పోయింది.
వీధంతా ఉస్సురనింది.
పలక తొక్కతానే ఉండినా,
మిషను ఆగలే.
కండ్లు మాత్రం
ఎర్ర చుక్క మీదికే పోయినాయి.